ఫస్టు వచ్చే పిల్లకు తరగతిలో తోడు లేకపోవడం: ఒక తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు

అమ్మా, మీరు రాసినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ అమ్మాయి పర్లాకిమిడిలో ఒడియా మీడియం హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎనిమిదిలో ఉండగా రాసిన నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షలో నెగ్గింది. ఆ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే, చిన్నప్పటి నుంచి పక్కన కూర్చునే స్నేహితురాలు బెంచీ మార్చేసింది. మిగిలిన ఆడపిల్లలు కూడా మెల్లగా అదే దారి పట్టారు. ఒడియా సార్ జవాబు పత్రాలు పంచుతూ, "తెలుగింటి పిల్లకు మన భాషలో ఇన్ని మార్కులొస్తే, మీకేమయింది?" అని తరగతి మొత్తాన్ని నిలదీశారు. మొన్నటి లెక్కల పరీక్షలో, ఇంట్లో కళ్లు మూసుకుని చేసే రెండు లెక్కలను అమ్మాయి ఖాళీగా వదిలేసి వచ్చింది. అడిగితే మర్చిపోయానంది, మీరు నమ్మలేదు. పిల్లను కాస్త తగ్గి ఉండమని చెప్పాలా, స్కూలు మార్చాలా, ఆ స్నేహితురాలి తల్లితో మాట్లాడాలా అని అడిగారు.

గంజాం, గజపతి జిల్లాల హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి కాబట్టి, ఇలాంటి తరగతులు చాలానే చూశాను. మీరడిగిన మూడింటిలో ఏదీ ముందు చేయవలసిన పని కాదని నా అభిప్రాయం. ఈ గొడవకు మీ అమ్మాయి తెలివినో, తోటి పిల్లల అసూయనో కారణంగా చూపడం సులువే గానీ, పెద్దవాళ్లం ఆమె మార్కులను ఎక్కడెక్కడ, ఎవరి మీద వాడుతున్నామో ఒకసారి చూసుకుంటే అసలు మూలం అక్కడ దొరుకుతుంది. ఆ వాడకం ఆగకుండా పిల్లల మధ్య ఎన్ని రాజీలు చేసినా నాలుగు రోజులకు మించి నిలవవు.

ముందుగా స్నేహితురాలి సంగతి చెబుతాను, ఎందుకంటే అందరికంటే దగ్గరిదైన పిల్లే అందరికంటే ముందు ఎందుకు విడిపోయిందన్నది మీకు ఎక్కువ బాధ కలిగించినట్టుంది. దగ్గరిది కాబట్టే విడిపోయింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహం టెస్సర్ 1980లో మరొకరితో కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. మాటలు కనిపెట్టే ఆటలో ఎదుటివారికి ఆధారాలు అందించాలి. అవి తేలికవీ ఉంటాయి, కష్టమైనవీ ఉంటాయి, ఏది ఇవ్వాలో ఇచ్చేవారి ఇష్టం. ఇది ఉత్త ఆట అని చెప్పినప్పుడు జనం స్నేహితులకు తేలిక ఆధారాలిచ్చారు. ఇది మీ తెలివిని కొలిచే ముఖ్యమైన పరీక్ష అని చెప్పినప్పుడు మాత్రం, ముక్కూ మొహం తెలియని వాళ్లకంటే స్నేహితులకే కష్టమైన ఆధారాలిచ్చారు. బరంపురంలో ఎవరో తెలియని పిల్లకు జిల్లా ఫస్టు వస్తే మీ అమ్మాయి స్నేహితురాలికి అన్నం సయిస్తుంది. పక్క బెంచీ పిల్లకు వస్తేనే సయించదు, ఎందుకంటే ఆ సాయంత్రం ఇంటికి వెళ్లగానే తన తల్లిదండ్రులు పోల్చేది ఆ పిల్లతోనే. మీ ఊళ్లో ఆ స్కాలర్‌షిప్ పరీక్ష ఆ తరగతి నుంచి ఇంకా ఎందరో రాసి ఉంటారు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపున్న ప్రభుత్వ పాఠశాలల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలకు అది తెరిచి ఉన్న దారి. నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కూలికో చిన్న కొట్టుకో వెళ్లే ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు. ఆ డబ్బు మీ ఇంటికి వచ్చిందనే మాట అవతలి ఇంట్లో ఏ స్వరంతో వినిపించి ఉంటుందో మీరే ఊహించుకోగలరు. పిల్లలు తమ ఇంట్లో తిన్న తిట్లను తిరిగి ఇంట్లోవాళ్ల మీదికి విసరలేరు, అందుబాటులో ఉన్న చోట విసురుతారు.

మార్కులకు ఒక దుర్గుణం ఉంది. స్కూలు కబడ్డీ జట్టు బ్లాకు పోటీల్లో గెలిస్తే పిల్లలందరూ కేరింతలు కొడతారు, ఆడనివాడికి కూడా అందులో వాటా ఉంటుంది. ర్యాంకు విషయానికొస్తే, ఒకరికి మొదటిది దక్కిందంటే మిగిలిన నలభై మందికి అది దక్కలేదనే అర్థం. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు పది హైస్కూళ్లను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ 1961లోనే ఈ మాట అన్నారు. అక్కడి మగపిల్లలు తమను మంచి చదువరిగా కంటే మంచి ఆటగాడిగా గుర్తుంచుకోవాలని ఎక్కువగా కోరుకున్నారు. ఆటగాడి గెలుపు స్కూలుకంతటికీ గౌరవం తెస్తుంది, చదువరి గెలుపు తోటివారిని ఒక మెట్టు దించుతుంది కాబట్టి వారిలో వారు ఎక్కువ చదివేవాడిని అదుపులో పెట్టుకుంటారని ఆయన వివరించారు. మన దగ్గర ఆటకు అంత విలువ లేదు గానీ, అదుపులో పెట్టడం మాత్రం అచ్చం అలాగే జరుగుతుంది. మగపిల్లలు పేర్లు పెట్టి, "సార్ చెంచా" అని ఎద్దేవా చేసి ఊరుకుంటారు. ఆడపిల్లలు ఎక్కువగా మాటలు మానేస్తారు, కచ్చి కడతారు. రెండోది బయటికి కనిపించదు, అందుకే టీచర్ల దాకా రాదు.

ఇక్కడొక చిత్రం చూడండి. ఒడిశా బోర్డు పదో తరగతి పరీక్ష మొత్తం 600 మార్కులకు ఉంటుంది, అందులో తొంభై శాతం దాటిన వారందరికీ ఏ1 గ్రేడే ఇస్తారు. అంటే 545 వచ్చిన పిల్లా 590 వచ్చిన పిల్లా గ్రేడు ప్రకారం ఒకే వరుస. పిల్లల మధ్య పోటీ తగ్గాలనేగా గ్రేడుల ఉద్దేశం. కానీ మార్కుల జాబితా చేతికి రాగానే గ్రేడును చూసే ఇల్లు నాకు ఒక్కటీ తగల్లేదు, వేలుపెట్టి చూసేది మొత్తం అంకెనే, ఆ వెంటనే అడిగే ప్రశ్న "ఫలానా వాళ్ల పిల్లకెంత?" అనే.

ఇక భాష. దీన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, నా దృష్టిలో మీ అమ్మాయి మీద పడుతున్న బరువులో సగం ఇదే. ఆ ఒడియా సార్ చెడ్డవారై ఉండరు, మెచ్చుకుంటున్నాననే అనుకుని ఉంటారు. కానీ ఆ ఒక్క మాటతో మీ అమ్మాయి మంచి విద్యార్థి అనే స్థానం నుంచి తెలుగు పిల్ల అనే స్థానానికి మారింది, ఒడియా పిల్లలకు అది ఒడియావాళ్లుగా తమకు జరిగిన అవమానం అయింది. అప్పటిదాకా మార్కుల తగవుగా ఉన్నది భాషల తగవుగా మారడానికి ఆ వాక్యం చాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడదీసి కలిపిన ప్రాంతం మనది. మహేంద్రతనయ నదికి ఇటు పక్క, అటు పక్క బంధువులున్న కుటుంబాలు మనవి. ఏ భాషవాళ్లది ఏ ఊరు అనే మాట పెద్దవాళ్ల అరుగుల మీద ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు, పిల్లలు అది విననట్టే ఉండి అంతా వింటారు. మీ అమ్మాయికి రెండో వైపు నుంచి కూడా దెబ్బ తగులుతూ ఉండవచ్చు: ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి వచ్చే చుట్టాలు "ఇది పూర్తిగా ఒడియా పిల్లయిపోయిందమ్మా" అని నవ్వుతూ అంటారు. అమెరికాలో వాషింగ్టన్ నగరపు ఒక హైస్కూల్లో నల్లజాతి పిల్లల మధ్య జరిగిన పరిశీలన ఆధారంగా, బాగా చదివే పిల్లను తన వాళ్లే పరాయి పక్షంలో చేరినట్టు చూడవచ్చునని మానవ శాస్త్రవేత్తలు సిగ్నిథియా ఫోర్డమ్, జాన్ ఓగ్బు 1986లో రాశారు. వారి వివరణ మీద తరువాత చాలా వాదోపవాదాలు జరిగాయి, దాన్ని యథాతథంగా తెచ్చి మన ఊరికి అతికించను. అయినా మెప్పు ఏ గుంపు పేరు చెప్పి వస్తుందో, నిందా ఆ గుంపు పేరుతోనే వస్తుందన్నది నేను ఇక్కడ కళ్లారా చూసిన సంగతే.

ఇప్పుడు ఖాళీగా వదిలిన ఆ రెండు లెక్కలు. దీన్ని నిర్లక్ష్యంగానో మొండితనంగానో చూడవద్దు. తన గెలుపు ఎదుటివారికి గుచ్చుకుంటోందని తెలిసిన పిల్ల, ఆ గుచ్చుకోవడాన్ని తగ్గించడానికి తనకు చేతనైన పని చేసింది. అందులో స్నేహితురాలి మీద ప్రేమ ఉంది, భయమూ ఉంది. "నువ్వు కావాలనే వదిలేశావు, నాకు తెలుసు" అని నిలదీస్తే ఆమె దాక్కునే చోటు కూడా పోతుంది. రెండు రోజులు ఆగి, ఏ వంటపనిలోనో పక్కన ఉన్నప్పుడు, మార్కుల ఊసెత్తకుండా "ఈ మధ్య రీసెస్‌లో ఎవరి దగ్గర కూర్చుంటున్నావే?" అని అడగండి. జవాబు రాకపోయినా మళ్లీ అడగకండి. మరో రోజు తనే చెబుతుంది. అప్పుడు తగ్గి ఉండమని మాత్రం చెప్పకండి. తగ్గి ఉండడం ఆమె ఇప్పటికే మొదలుపెట్టింది, మీ ఆమోదం కూడా దొరికితే అది అలవాటవుతుంది. తొమ్మిదిలో రెండు లెక్కలతో మొదలైనది పదకొండులో సైన్సు తీసుకోకపోవడం దాకా పోయిన పిల్లలున్నారు, ముఖ్యంగా ఆడపిల్లలు. "తెలిసినది రాయడం తప్పు కాదు. నీ మార్కులు మేం ఎవరికీ చెప్పం" అన్న రెండు మాటలు చాలు. రెండో మాట మీద మీరు నిలబడితే మొదటి మాటను ఆమె నమ్ముతుంది.

నిలబడడం అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో తమ చేత ఏం జరుగుతోందో తమకే తెలియదు. ఫలితాలు రాగానే టెక్కలికీ విశాఖపట్నానికీ ఫోన్లు వెళతాయి. మార్కుల జాబితా ఫొటో వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతుంది, అది తరగతిలో సగం మంది తల్లుల ఫోన్లలో కనిపిస్తుంది. పక్కింటి కుర్రాణ్ణి వాళ్ల అమ్మ తిడుతుంటే మనం అడ్డుపడకపోగా, మొహమాటానికైనా "మా అమ్మాయి దగ్గరికి పంపండి, నేర్పుతుంది" అంటాం. ఆ కుర్రాడికి అది సాయంలా వినిపించదు. వీటిలో ప్రతిదానికీ బిల్లు కట్టేది మీ అమ్మాయే, మర్నాడు తరగతిలో. స్టేటస్ ఇప్పటికీ పెడుతుంటే ఈ రోజుతో ఆపండి. చుట్టాలు అడిగితే "బాగానే చదువుతోంది" అనే మాటతో సరిపెట్టండి. మొదట్లో వాళ్లు నొచ్చుకుంటారు, తరువాత అలవాటు పడతారు.

మెచ్చుకునే తీరు కూడా చూసుకోండి. మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధనల్లో, ఐదో తరగతి పిల్లల్లో కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలు తరువాత కష్టమైన పని ఎదురైతే త్వరగా డీలా పడ్డారు. అంతకంటే మన ప్రశ్నకు దగ్గరి విషయం ఇంకొకటి ఉంది: ఆ పిల్లలు కొత్త పద్ధతులు నేర్చుకోవడం కంటే, మిగతావాళ్లకు ఎన్ని వచ్చాయో తెలుసుకోవడం మీద ఎక్కువ ఆసక్తి చూపారు. "మా బంగారం బుర్ర పాదరసం" అని మురిసిపోయే ప్రతిసారీ, పక్కవాళ్ల కాగితంలోకి తొంగిచూసే అలవాటును మనమే నేర్పుతున్నామన్న మాట. ఆ లెక్క ఎలా చేశావు, ఇంకో దారి ఉందా అని అడగడంలో మెప్పూ ఉంటుంది, పోలికా ఉండదు.

మీరు రాయలేదు గానీ, కచ్చితంగా ఉండే మరో చిక్కు పరీక్ష హాల్లో చూపించమని అడగడం. చూపిస్తే భయం, చూపించకపోతే "పొగరు" అనే ముద్ర. దీనికి నేను పిల్లలకు చెబుతూ వచ్చినది ఒకటే: పరీక్షలో చూపించవద్దు, పరీక్షకు ముందు మాత్రం అడిగిన వాళ్లకు ఏదీ దాచవద్దు. నోట్సు ఇవ్వడం, అడిగిన లెక్క కూర్చోబెట్టి చెప్పడం చేసే పిల్ల హాల్లో కాదన్నప్పుడు, కోపం ఆ పూటతో తీరుతుంది. నోట్సు కూడా దాచుకునే పిల్ల మీద మాత్రం ఆ కోపం ఏడాదంతా నిలుస్తుంది. మీ అమ్మాయి ఈ రెండింటిలో ఏ రకమో నెమ్మదిగా కనుక్కోండి. బాగా చదివే పిల్లల్లో నిజంగానే తోటివాళ్లను చులకనగా చూసేవాళ్లు ఉంటారు, "ఇది కూడా రాదా" అనేది వాళ్ల నోట తరచు వినిపిస్తుంది. తల్లిగా మీకు ఆ మాట వినిపించకపోయి ఉండవచ్చు. ఉంటే, అది సరిదిద్దవలసిందే, తోటివాళ్ల తప్పు ఎంతున్నా సరే.

ఇక స్కూలు. మీరు, మీ వారు కలిసి వెళ్లి క్లాస్ టీచర్‌ను కలవండి. ఫిర్యాదులా మొదలుపెట్టవద్దు. అందరి ముందు మార్కులు చదవవద్దనీ, ఇతరులను దిద్దడానికి మా అమ్మాయి పేరు వాడవద్దనీ రెండే కోరికలు కోరండి. ఒడియా సార్ మాటను కూడా ఆయన పేరెత్తకుండానే చెప్పవచ్చు. "భాష పేరుతో పోలిస్తే పిల్లలు విడిపోతున్నారు సార్" అంటే చాలు, ఏ టీచరైనా అర్థం చేసుకుంటారు. మంచి టీచరైతే మూడో విషయం కూడా అడగండి, అది నాకు బాగా నచ్చిన పద్ధతి. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో, అప్పటిదాకా విడివిడిగా ఉన్న తెల్లజాతి, నల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే తరగతుల్లో కలిపినప్పుడు గొడవలు రేగాయి. ఇలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వెళ్లి తరగతుల్లో కూర్చుని చూసి, చేతులెత్తి ఒకరిని మించి ఒకరు జవాబు చెప్పే పద్ధతే పిల్లలను శత్రువులను చేస్తోందని గుర్తించారు. పిల్లలను ఐదారుగురు చొప్పున గుంపులు చేసి, పాఠాన్ని అన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. పాఠమంతా తెలియాలంటే తక్కిన వాళ్లు చెప్పేది వినక తప్పదు. కొన్ని వారాల్లోనే పిల్లలు ఒకరినొకరు ఇష్టపడడం పెరిగింది, వెనకబడిన పిల్లల మార్కులూ మెరుగుపడ్డాయి.

మన తరగతుల్లో ఇది ఎలా ఉంటుందో నదుల పాఠంతో చెబుతాను. ఒక గుంపులో మహానది ఒకరికి, గోదావరి ఒకరికి, కృష్ణ ఒకరికి, నర్మద ఒకరికి, వంశధార ఒకరికి. మీ అమ్మాయికి మహానది వచ్చిందనుకోండి, హీరాకుడ్ ఆనకట్ట 1957లో ప్రారంభమైందని పుస్తకం చూసి చెప్పగలదు. వంశధార మాత్రం హాస్టల్ నుంచి వచ్చే సవర కుర్రాడికి ఇస్తారు. ఇంట్లో సవర, బడిలో ఒడియా, బజారులో తెలుగు మాట్లాడే పిల్లవాడు, మామూలు రోజుల్లో వెనక బెంచీలో నోరు మెదపడు. గుణుపురం దగ్గర ఆ ఏరు వానాకాలం ఎలా పొంగుతుందో, ఇసుక ఎక్కడ మేట వేస్తుందో, గట్టు మీద ఏం పండిస్తారో అతనికి తెలిసినంత పుస్తకంలో ఉండదు. ఫస్టు వచ్చే పిల్ల అతని వైపు తిరిగి రాసుకుంటూ, అర్థం కానిచోట మళ్లీ అడుగుతుంది. అరగంటలో ఆ తరగతిలో ఎవరు ఎవరికి అవసరమనే లెక్క మారిపోతుంది. వారానికి ఒక్క పాఠం ఇలా నడిపినా తేడా తెలుస్తుంది. ఒక్క హెచ్చరిక: గుంపు అంతటికీ ఒకే మార్కు వేస్తే మళ్లీ పని మొత్తం మీ అమ్మాయి మీదే పడుతుంది, మార్కు పోతే తిట్లు మిగతావాళ్లకు పడతాయి. మార్కులు ఎవరివి వారికే ఉండాలి.

స్కూలు మార్చడం గురించి పెద్దగా చెప్పను. తొమ్మిది సగంలో కదపవద్దు. కొత్త చోటా ఫస్టు వస్తే కథ మొదటికొస్తుంది, రాకపోతే ఇంకో రకం దెబ్బ తగులుతుంది. అంతే శక్తి ఉన్న పిల్లలు తమకంటే బాగా చదివేవాళ్ల మధ్య కూర్చున్నప్పుడు తమ గురించి తాము తక్కువగా అనుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ మార్ష్ 1980ల నుంచీ ఎన్నో దేశాల సమాచారంతో చూపిస్తూ వచ్చారు. పది అయ్యాక విశాఖపట్నం వైపు పెద్ద రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చే ఆలోచన ఉంటే, అప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఊళ్లో మొదటి ర్యాంకు పిల్ల అక్కడ మూడో సెక్షన్‌లో పడి, ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోవడం అరుదేమీ కాదు.

నిద్ర తగ్గడం, బడికెళ్లే పొద్దున కడుపునొప్పి, తిండి మానేయడం, బతకడం అనవసరమనే ధోరణిలో మాటలు కనిపిస్తే మాత్రం నేను పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది.

స్నేహితురాలి తల్లితో మాత్రం ఇప్పుడు మాట్లాడకండి. మీరు ఎంత మంచిగా వెళ్లినా ఆవిడకు అది ఫిర్యాదుగానే వినిపిస్తుంది, ఆ రాత్రి ఆ పిల్ల మళ్లీ తిట్లు తింటుంది, ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. సరస్వతీ పూజకు స్కూల్లో పిల్లలే చందాలు వసూలు చేసి, మండపం కట్టి, ప్రసాదం వండుకుంటారు కదా. ఆ పనుల్లో ఇద్దరినీ ఒకే జట్టులో వేయమని క్లాస్ టీచర్‌తో ఒక మాట చెప్పి ఉంచండి, అది మీరు అడిగి వేయించినట్టు పిల్లలిద్దరికీ తెలియనివ్వకండి.